బాపు గొంగడిలో కోడిపిల్లలు

మా చిన్నప్పుడు... కార్తీకం దాటి చలి ముదిరిన ఒక పొద్దున, మా అవ్వ కొంగు నిండా కోడిపిల్లలను వేసుకొచ్చి, మంచంలో ఉన్న మా బాపు గొంగడి ఎత్తి లోపలికి వదిలింది.

రాయికల్ దిక్కు మేము అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలుస్తాం. ముందు రోజే తల్లికోడిని జంగపిల్లి ఎత్తుకుపోయింది. పిల్లలకు ఇంకా ఈకలు రాలేదు, ఒట్టి నూగే. గంప కింద ఒకదాని మీద ఒకటి ఎక్కి వణుకుతున్నాయి పాపం.

"గివి నీ తాన ఉండనీ. నువ్వెట్లైనా మంచంలనే ఉంటివి గదా" అంది అవ్వ. మా అవ్వ నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు.

బాపు కల్లు గీసేవాడు. ఆ వానాకాలం నడుముకు కట్టుకునే మోకు జారి తాటిచెట్టు మీంచి పడ్డాడు. నడుము నుంచి కిందికి స్పర్శే లేదు. అప్పటి నుంచి గోడ వైపు తిరిగి ఉండేవాడు. కంచం తోసేసేవాడు. "నేనెందుకు బతకాలె" అని ఒక్క మాట... మళ్ళీ గోడ దిక్కే. అవ్వ బీడీలు చుడుతూ చుడుతూ ఏడ్చేది. మనిషి దక్కడేమోనని ఇంట్లో అందరికీ భయమే.

కోడిపిల్లలను చూసి బాపుకు కోపం వచ్చింది. "నన్ను పెట్టకోడిని చేసినవా?" అన్నాడు. కానీ తోసెయ్యలేదు.

సాయంత్రానికి నన్ను పిలిచాడు. "బిడ్డా, గీటికి ఇన్ని నూకలు తే." తన అరచేతిలోనే పోయించుకున్నాడు. అవి టిక్కు టిక్కుమని పొడుస్తుంటే చక్కిలిగింతలు పుట్టి నవ్వాడు. ఎన్నాళ్ళకో ఆ నవ్వు... అవ్వ బీడీల చాట పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుంది. ఆ పూట పెట్టినంత అన్నం తిన్నాడు.

కొన్ని పిల్లలు ఆయన కాళ్ళ మీదికి పోయి పడుకునేవి. ఆయనకు తెలిసేది కాదు.

"కాళ్ళ మీద ఉన్నయా బిడ్డా? నాకు తెల్వది, జర నువ్వు చూడు."

గొంగడి ఎత్తి చూసి, ఉన్నాయి అనేదాన్ని.

"ఆడ ఎచ్చగనే ఉన్నదా?"

చెయ్యి పెట్టి చూసి, ఉంది బాపూ అనేదాన్ని. ఆ మాటకు ఎంత సంతోషపడేవాడో...

గొంగడి నిండా రెట్టలే. అవ్వ రోజూ తిట్టుకుంటూ దులిపేది. ఒక పొద్దున అట్లా దులుపుతూ ఆగిపోయింది. బాపు తొడ కింద ఒక పిల్ల నలిగి చచ్చిపోయి ఉంది. గప్పున తీసి కొంగులో దాచింది.

"ఒకటి కనవడతలేదు. ఏదే?" అన్నాడు బాపు.

"పిల్లి పట్టుకపోయింది."

బాపు ఆమె కొంగు వైపు చూశాడు. "పిల్లి గాదే... నా కాళ్ళే" అన్నాడు.

చెట్టు మీంచి పడ్డనాడు కూడా ఏడవని మనిషి, ఆ రోజు వెక్కి వెక్కి ఏడ్చాడు. మళ్ళీ కంచం తోసేస్తాడేమో అనుకున్నాం. లేదు... మిగిలినవాటిని ఛాతి మీదికి తెచ్చుకున్నాడు. "ఇగ నాకు తెలిసే కాడనే ఉండాలె" అన్నాడు. ఆ చలికాలమంతా రెండు చేతులూ వాటి చుట్టూ వేసుకునే ఉన్నాడు. సరిగ్గా నిద్ర కూడా పోలేదు.

చలి తగ్గింది. పిల్లలకు రెక్కలొచ్చాయి. మంచం దిగి వాకిట్లో పడ్డాయి. బాపు తలుపు దిక్కే చూస్తుండేవాడు. చూడలేక అవ్వ ఒకదాన్ని పట్టుకొచ్చి ఆయన మీద పెడితే, అది రెక్కలు కొట్టుకొని దూకి పోయింది.

"పోనియ్యే... దానికి నాతోని పనైపోయింది" అన్నాడు.

ఆ ఎండాకాలంలోనే బాపు పోయాడు. ఒంటికి పుండ్లు పడ్డాయి, అందుకే అన్నారు డాక్టర్లు. ఆ చలి ఇంకొన్నాళ్ళు ఉండి, ఇంకో కోడి పొదిగిన పిల్లలు కూడా బాపు గొంగడిలోకి వచ్చి ఉంటే బతికేవాడేమో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పుడు మా ఊళ్ళో కోడిపిల్లలకు వెచ్చగా ఉండాలని బల్బు పెడుతున్నారు. మంచిదే, ఒక్కటీ నలగదు. మంచం పట్టిన మనుషులకు మాత్రం పనేమీ లేకుండా పోయింది... "నువ్వేం చెయ్యకు" అని మనమే ప్రేమగా అంటున్నాం.

మీ ఇంట్లో మంచంలో ఉండి కూడా మీ కోసం ఏదో ఒకటి చేసినవాళ్ళు ఉంటే, వాళ్ళ గురించి ఇక్కడ రాయండి... చదువుతూ మా బాపును తలుచుకుంటాను.