అంచు కొయ్యని మనిషి

మా షాపులో ఫ్రేములు కట్టే కాకా పోయారు. మొన్న పొద్దున రుసైల్ గోడౌన్ రూములో డ్యూటీకి లేపబోతే లేవలేదని రూమ్‌వాళ్ళు ఫోన్ చేశారు. "మొండితనంతో గోడౌన్ పాలయ్యాడు, పాపం" అన్నారు మేనేజర్. ఆ 'పాపం' కాకాకి అక్కర్లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

అల్ హైల్‌లో, ఈ అరబ్బు ఊళ్ళో, మాది పాత అచ్చు బొమ్మలు అమ్మే షాపు. ఏది ఏ కాలానిదో, ఎవరు వేశారో నేను వాటికి చీటీలు రాస్తాను. చేరిన రోజు "బాబాయి గారూ" అంటే, "గారు గీరు వద్దు బిడ్డా, కాకా అను" అని నవ్వారు. కాగితం ముట్టుకునే ముందు మోచేతుల దాకా కడుక్కునేవారు. "ఏం కాకా, నమాజుకా?" అని ఆటపట్టిస్తే, "కాదు, కాగితానికి" అనేవారు.

ఒకప్పుడు జగిత్యాల బజారులో ఆయన గిన్నెల మీద పేర్లు చెక్కేవారు. మూడు వందల ఏళ్ల నాటి ఫ్రెంచి మొక్కల బొమ్మలు వచ్చినప్పుడు మేమంతా ఆకులు, పూలు చూస్తే ఆయన గీతలు చూశారు.

"రాగిరేకు మీద చెక్కి అచ్చు గుద్దిన్రు. గీ వేరుకాడ ఉలి జారింది సూడు. జారిన గీతనే పిల్లవేరు చేసిండు. ఉస్తాద్!"

నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఆ వేరు లేదు.

ఆ బొమ్మలు ఒక హోటల్ వాళ్ళు కొన్నారు. వాళ్ళు పంపిన ఫ్రేములు రెండు వేళ్ళు చిన్నవి. బొమ్మల కింది అంచు కోసెయ్యమన్నారు మేనేజర్. ఆ అంచులోనే, చీమ తలంత అక్షరాల్లో, చెక్కినవాడి పేరుంది.

"కొత్త ఫ్రేమ్ కడ్త సార్. కాగితం మాత్రం నేను కొయ్య."

"ఆ పేరు ఎవడు చూస్తాడు?"

"నేను సూసిన గద."

మేనేజర్ నా వైపు తిరిగారు. "చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

నేను నేల చూశాను. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకపోవడం కాన్వెంట్‌లో బాగా నేర్చుకున్నాను. వారం తిరక్కుండా కాకాని రుసైల్ గోడౌన్‌లో పెట్టెలకి మేకులు కొట్టే పనికి మార్చారు. వెళ్తూ ఆ అంచులోని పేరు చూపించారు.

"వేల గిన్నెల మీద మంది పేర్లు కొట్టిన బిడ్డా, నాది ఒక్కదాని మీద కొట్టుకోలే. ఈయన కొట్టుకున్నడు. ఉండనియ్."

ఆయన చోట్లోకి ఎవరూ రాలేదు. నిన్న ఆ బొమ్మలు నా బల్ల మీదికి వచ్చాయి, పక్కన బ్లేడు.

"ఇక అడ్డు చెప్పేవాడు లేడుగా. కానియ్," అన్నారు మేనేజర్.

"కొయ్యను సార్."

ఆయనకి వినపడలేదనుకుని మళ్ళీ అన్నాను. ఉద్యోగం ఉండదన్నారు. సరేనన్నాను.

ఆయన హోటల్‌కి ఫోన్ చేస్తుంటే, రెండు అరచేతులూ బొమ్మల మీద ఆనించి నిలబడ్డాను. వేళ్ళ కింద, రాగిరేకు అంచు అదిమిన చోట కాగితం సన్నటి గట్టులా ఇంకా లేచే ఉంది.