సిలిండరుకు లంగా

గ్యాస్ సిలిండరు కనబడినప్పుడల్లా తనకల్లు ఊరికి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె గుర్తుకొస్తుంది. ఒళ్లో ఎర్ర ఊలుండ పెట్టుకుని, కొక్కెం సూదితో కుచ్చుల లంగా అల్లుతోంది.

"పాపకా?" అన్నాను.

"పాప యాడిదక్కా! మా సిలిండరుకి. పోయినసారి అల్లింది విప్పేది మరిచి, ఖాళీ సిలిండరుతోపాటే పంపించేసినా. ఇప్పుడు ఎవురింట్లో తిరుగుతాండాదో!"

ఇద్దరమూ నవ్వుకున్నాం.

"ఇంటికి పోతే శెనక్కాయలు వలిచే పని. ఇది సగంలో కనబడితే మా అత్త పీకి పారేస్తాది. తొడిగేసినాక మాత్రం వచ్చినోళ్లందరికీ ఆమే చూపిస్తాది" అని, "డ్రైవరన్నా, కొంచెం నిదానంగా పో!" అని కేకేసింది.

తనకల్లు వచ్చేసరికి చివరి వరుస జానెడు మిగిలింది. కండక్టరు దిగమంటున్నాడు. ఆమె ముఖం చిన్నబోయింది. నేనూ అక్కడే దిగాలి. దారికి అడ్డంగా వంగి, సీట్ల కింద వెతకసాగాను.

"ఉండప్పా, నా చెప్పు యాడ పోయిందో!"

"ఏమమ్మా, చెప్పు కోసరం బస్సు నిలపల్లా?"

"కొత్తదప్పా!"

ఆమె చివరి ముడి వేసి, పంటితో ఊలు తెంపింది. లంగాను సంచిలో దాచుకుని, నా చెవి దగ్గరకు వంగింది.

"ఇంక లెయ్‌ అక్కా. రెండు చెప్పులూ నీ కాళ్లకే ఉండాయి."