సర్వర్‌కు ఆయుధపూజ

నవ్వితే నవ్వండి, చెప్పేస్తున్నాను. ఒక్క సెట్టింగ్ మార్చి ఎవరి పెళ్లికో ఎసరు పెట్టిన ఘనుణ్ణి నేను!

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మదనపల్లెలో ఒక లారీ పార్సిల్ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఒక్కో మూట వివరం ఎక్కించి బటన్ నొక్కితే సర్వర్‌లోని డిస్కు గరగరమంటూ రాసుకునేది. ఆలోగా కస్టమర్ టీ తాగి వచ్చేవాడు. నాకు రోషం పొడుచుకొచ్చింది. వివరాలేవీ వెంటనే డిస్కులోకి పోకుండా మెమరీలోనే పోగుపడి, సాయంత్రం ఒక్కసారిగా దిగేలా డేటాబేస్‌ను మార్చేశాను. అబ్బ, ఏం స్పీడు! బటన్ మీద వేలు పడకముందే పని అయిపోతోంది!

ఓనరు రెడ్డెప్ప మురిసిపోయాడు. "ఏమప్పా, దీనికి రెక్కలు మొలిసినాయా?"

"ఇంకా సూడన్నా! మూటల మీద పేరు, ఊరు రాసే పని గూడా వద్దు. నంబరేస్తే సాలు. మిగతాదంతా కంప్యూటర్లో ఉండాది."

ఆ మాట అన్న నాలుక మీద నాకు ఇప్పటికీ కోపమే.

నాలుగో రోజు ఆయుధపూజ. పొద్దున్నే నలభై మూటలు బుక్ చేసి, దర్జాగా టిఫినుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి సర్వర్‌కు బంతిపూల దండ, మానిటర్‌కు మూడు బొట్లు! గుమాస్తా మునెప్ప కర్పూరం వెలిగిస్తున్నాడు. స్క్రీన్ నల్లగా ఉంది.

"మునెప్పన్నా, కరెంటు యాడ పోయింది?"

"నేనే మెయిన్ ఆపినా. యంత్రాలకు ఈ పొద్దు రెస్టు గదప్పా. ఆ బ్యాటరీ డబ్బా కుయ్యోమంటాంటే దాన్నీ ఆపి బొట్టు పెట్టినా."

మెయిన్ దగ్గరికి పరుగెత్తాను. ఆన్ చేసి చూస్తే నలభైలో ఒక్కటీ లేదు, డిస్కులోకి దిగకముందే కరెంటుతో పాటు మెమరీ ఖాళీ! చిరునామాలన్నీ రశీదుల మీద, కస్టమర్ల జేబుల్లో ఊరేగుతున్నాయి.

అప్పుడే కుప్పం నుంచి ఫోను. "సామీ, రేపు పొద్దున మా పాప పెండ్లి. పట్టుసీరలు యాడుండాయి?"

ఆయన అడ్రసు రాసుకున్నాను. రెడ్డెప్ప, మునెప్ప, నేను ముగ్గురం మూటల మీద పడ్డాం. ఒకదాంట్లో ఫ్యాన్ బెల్టులు, ఇంకోదాంట్లో తెల్లగడ్డలు, మరోదాంట్లో ఏ ఊరి స్కూలుకో పోవాల్సిన చాక్‌పీసులు. పదిహేడో మూటలో జరీ అంచు మెరిసింది. సిగ్గు విడిచి చెబుతున్నా, ఏడ్చేశాను!

మూటను ఒళ్లో పెట్టుకుని బస్సెక్కి, పుంగనూరు మీదుగా కుప్పం చేరి, పెళ్లింట్లో అప్పగించాను. పెళ్లికూతురి తండ్రి నా చేతులు పట్టుకున్నాడు.

"కంప్యూటర్ పెట్టినాక మీ ఆఫీసు శానా బాగయిందప్పా! ముందర మూట ఒక్కటే లారీలో వస్తాండె. ఇప్పుడు మనిషే మోసుకొస్తాండాడే!"

కనుక సభాముఖంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకే డిస్కునూ తొందరపెట్టను. అది రాసుకున్నంతసేపు చేతులు కట్టుకుని, చెప్పులు విడిచి నిలబడతాను.