ముప్పై టిక్కులూ ఒకే గడిలో

గోదావరి ఒడ్డున బొగ్గు బావుల కాలనీలో పొద్దున్నే బస్సెక్కి కరీంనగర్‌లో దిగింది భూమిక. భూమిక అన్నది ఆమె తనకు తానే పెట్టుకున్న పేరు; ఇంట్లోనూ, ఆధార్ కార్డులోనూ ఆమె ఇంకా విజయేందరే. ఇరవై మూడేళ్లుగా మగపిల్లాడి పేరు మోస్తోంది. తాను ఆడపిల్లనని లోపల తెలిసి పదమూడేళ్లయింది. హార్మోన్ల మందులు మొదలుపెట్టాలంటే ముందు సైకాలజిస్ట్ పరీక్షించి ఉత్తరం రాయాలి. అది రాకపోతే తన బతుకింతే అని ఆమె భయం.

సైకాలజిస్ట్ అమూల్య ముప్పై ప్రశ్నల కాగితం తెలుగులోనే ఇచ్చింది. ఒక్కో ప్రశ్నకు నాలుగు గడులు: ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు. తోచిన గడిలో టిక్కు పెట్టమని చెప్పి పక్కగదిలోకి వెళ్లింది.

టిక్కే కదా అని మీకూ నాకూ అనిపిస్తుంది. బావుల కాలనీలో పెరిగినవాళ్లను అడగండి, పరీక్షంటే ఏమిటో చెబుతారు. నడుము పడిపోయిన కార్మికుడు ఇక బావిలో దిగలేడని తేల్చేది మెడికల్ బోర్డు; అన్‌ఫిట్ అని రాస్తేనే బావి పని తప్పుతుంది. బోర్డుకు పోయేముందు ఇంట్లో కూర్చుని, నొప్పి ఎల్లప్పుడూ ఉంటుందని జవాబులు వల్లెవేయడం అక్కడ మామూలే. భూమిక తండ్రి రాజలింగు తొమ్మిదేళ్ల కిందట వారం రోజులు వల్లెవేశాడు. తీరా బోర్డువాళ్లు నొప్పి ఎప్పుడుంటుందని అడిగితే, అబద్ధం చేతకాని మనిషి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఫిట్ అని రాశారు. ఈ రోజుకీ బావిలో దిగుతూనే ఉన్నాడు.

"ఒక్కకాడ అప్పుడప్పుడు అన్న కొడుకా. గక్కడనే కొంప మునిగింది," అని ఆయన ఎన్నిసార్లన్నాడో లెక్కలేదు.

అందుకే భూమిక ప్రశ్నలు సరిగా చదవనైనా చదవకుండా ముప్పైకి ముప్పై 'ఎల్లప్పుడూ' గడిలోనే టిక్కు కొట్టేసింది.

అమూల్య వచ్చి కాగితం చూసింది. పదిహేడో ప్రశ్న దగ్గర వేలు ఆపి పైకి చదివింది: మగవాడిగా బతకడం నాకు హాయిగా ఉంది. దానికీ 'ఎల్లప్పుడూ' గడిలోనే టిక్కు. తన ఉత్తరాన్ని తానే చేతులారా పోగొట్టుకున్నానని భూమికకు ఏడుపొచ్చింది. బాపు సంగతి, బోర్డు సంగతి అంతా చెప్పేసింది.

"గిది బోర్డు కాదు భూమికా. ఫిట్టో అన్‌ఫిట్టో రాసేది కాదు," అంది అమూల్య. "నీకు ఏ బాధా లేని దినాలు ఉన్నయా? గవి చెప్పు."

ఆ మాటకు భయం ఇంకా పెరిగింది. బాధ లేని రోజు ఒకటుందంటే ఉత్తరం పోతుందేమో. కానీ ఆమె దగ్గర వల్లెవేసిన జవాబులన్నీ అయిపోయాయి.

"ఒక్క వారం ఉండె మేడం. బాపు బోర్డుకు తయారైనప్పుడు నన్ను డాక్టర్ చేసి, ప్రశ్నలడుగుమని ఎదురుంగ కూసోబెట్టిండు. కోటు లేదని అవ్వ చీర కప్పుకున్న. బాపు నవ్వుకుంట నన్ను డాక్టరమ్మా అని పిలిచిండు. వారమంతా గట్లనే పిలిచిండు. గప్పుడు నాకేం బాధ లేకుండె."

అమూల్య ఆ మాటలు ఒక్కటీ వదలకుండా రాసుకుంది. ఉత్తరంలో మొదట రాసేది ఇదేనని చెప్పి, కొత్త కాగితం చేతికిచ్చింది. ఈసారి భూమిక ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివింది. నాలుగు చోట్ల 'అప్పుడప్పుడు' టిక్కు పెట్టింది, పెట్టినప్పుడల్లా బాపు బోర్డే గుర్తొచ్చింది.

బయటికి రాగానే ఫోన్ మోగింది. మొదటి షిఫ్టు ముగించుకుని బావి పైకొచ్చిన బాపు.

"ఏడున్నవ్ కొడుకా?"

స్నేహితుడి ఇంట్లో అని చెప్పడం ఆమెకు అలవాటే. ఈసారి ఆ అబద్ధం ఆడలేదు.

"డాక్టరమ్మ తాన ఉన్న బాపు. ఇంటికొచ్చి నీకొక మాట చెప్తా," అంది.