కుడి పక్కకు పోయిన కారు

డెబ్బైల చివర్లో తిరుపతి బస్టాండు కాడ నిలబడే బాడుగ కార్లలో నాదొకటి. పాత అంబాసిడరు. మా నాయన మామిడితోటలో సగం అమ్మి కొనిచ్చినాడు. పదో తరగతి దాకా చదివినాను, వచ్చీరాని ఇంగ్లీషు నాలుగు ముక్కలు మాట్లాడతాను. అందుకే తెల్లవాళ్లు ఎవరైనా దిగితే లాడ్జీవాళ్లు నాకే కబురు చేసేవాళ్లు.

ఒక చలికాలంలో అట్లా ఒక జంట వచ్చినారు. ఇద్దరికీ యాభై దాటింటాయి. ఆయన వాళ్ల ఊర్లో బడిపంతులు, ఆమె ఆస్పత్రిలో నర్సు. నెల రోజులు సెలవు పెట్టుకుని మన దేశం చూడడానికి వచ్చినారు. మూడు రోజులకు నా కారు మాట్లాడుకున్నారు. మూడో రోజు మద్రాసులో దింపితే ఆడ నుంచి విమానమెక్కి వెళ్లిపోతారు.

ఆయనకు కారు నడపడమంటే ప్రాణం. ఏ దేశానికి పోయినా కారు బాడుగకు తీసుకుని, తాళాలు చేతిలో వేయించుకుని, తామే నడుపుకుంటా తిరుగుతారంట. డ్రైవరు లేకుండా కారిచ్చే పద్ధతి మా పక్క లేదంటే నమ్మలేకపోయినాడు. మొదటి రోజు చంద్రగిరి పోయి వచ్చేదాకా అడుగుతానే ఉండినాడు. కుదరదని చెప్పినాను.

రెండో రోజు చిత్తూరు మీదుగా పలమనేరు పోయినాము. ఎగువకు ఎక్కేకొద్దీ గాలి చల్లబడింది. రోడ్డు ఖాళీగా ఉండింది. ఆయన మళ్లీ అడిగినాడు. ఎన్నిసార్లని లేదనేది, బండి ఆపి తాళాలిచ్చినాను. వాళ్ల దేశంలో బండ్లు కుడి పక్కన పోతాయి, స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. గేరు కోసమని కుడిచెయ్యి చాపి తలుపు పిడి పట్టుకుంటా ఉంటే వెనక సీట్లో ఆమె నవ్వింది. అర్ధగంటలో చెయ్యి కుదిరింది. నాకంటే నిదానంగా నడిపినాడు. వీళ్లను నమ్మొచ్చులే అనుకున్నాను. ఆ ధైర్యమే నా కొంప ముంచింది.

మూడో రోజు పొద్దున్నే మద్రాసుకు బయలుదేరినాము. ఊరు దాటినంక అడక్కముందే నేను పక్కకు జరిగి స్టీరింగు ఆయనకిచ్చినాను. వడమాలపేట దాటినంక గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. ఆయన బండి ఆపినాడు. ఆమె దిగి మందను ఫోటో తీసుకుని వచ్చి కూర్చుంది. వెనక తలుపు సరిగ్గా పడలేదు. ఆ తలుపు నెల రోజులుగా అట్లనే ఉంది, బాగు చేయించాలనుకుంటా నేనే వదిలేసినాను. వెనక్కి తిరిగి, సీటు మీద మోకాలేసి, ఆ తలుపు లాగతా ఉండినాను. బండి కదిలింది. ఆగి కదిలినప్పుడు ఆయనకు పాత అలవాటు వచ్చేసింది. కారు కుడి పక్కకు పోయింది. నేను చూడలేదు.

సైకిలు గంట వినపడి ముందుకు తిరిగినాను. మలుపులో ఎదురుగా ఒకాయన సైకిలు తొక్కుకుంటా వస్తా ఉండాడు. తన ఎడమ పక్కన తాను సరిగ్గానే వస్తా ఉండాడు. లెఫ్ట్, లెఫ్ట్ అని అరిచినాను. తెల్లాయన బెదిరిపోయి ఇంకా కుడికే కోసినాడు.

పడినాయన నేతగాడు. పుత్తూరు పక్క పల్లె. చీరల మూట క్యారేజీకి కట్టుకుని తిరుపతి అంగడికి ఇచ్చేదానికి పోతా ఉండినాడు. కుడి కాలు తొడ కాడి నుంచి పక్కకు తిరిగిపోయి ఉండింది. ఆమె పరిగెత్తి వచ్చి, భుజాన కప్పుకున్న బట్ట చించి, కాలికి కట్టు కట్టింది. తెల్లాయన మట్టిలో మోకాళ్ల మీద కూలబడి, నేతగాడి చెయ్యి పట్టుకుని ఒకే మాట చెప్తా ఉండినాడు. ఏమంటాడప్పా అని నేతగాడు నొప్పిలోనే నన్ను అడిగినాడు. బాధపడతా ఉండాడులేన్నా అని చెప్పినాను.

ముగ్గురమూ కలిసి ఆయన్ను వెనక సీట్లో పడుకోబెట్టినాము. తల ఆమె ఒళ్లో పెట్టుకుంది. నేనే నడుపుకుని తిరుపతి పెద్దాస్పత్రికి తెచ్చినాను. ఆడ స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తా ఉంటే పోలీసాయన పుస్తకం తీసుకుని వచ్చి, నడిపిందెవరని అడిగినాడు. ఆ ప్రశ్న తెల్లాయనకు ఎట్లా అర్థమైందో, గుండెల మీద చెయ్యి పెట్టుకుని ఇంగ్లీషులో నేనే, నేనే అన్నాడు. పోలీసాయన నా పక్క తిరిగినాడు.

"ఏమంటాడు?"

"క్షమించమంటాడు సార్. నడిపింది నేనే."

వాళ్ల మీద జాలిపడి ఆ తప్పు నెత్తినేసుకున్నానని తర్వాత మా స్టాండులో చెప్పుకున్నారు. నేనూ కాదనలేదు. నిజం అది కాదు. టాక్సీ బండిని ఇంకొకరి చేతికిచ్చినానని తెలిస్తే పర్మిట్టు పోతుంది. పర్మిట్టు పోతే కారు పోతుంది. మా నాయన తోట గుర్తుకొచ్చింది. తెల్లాయన మళ్లా మళ్లా గుండె తట్టుకుంటా ఏమేమో చెప్తానే ఉండినాడు. ఆడ ఉండేవాళ్లల్లో ఆ మాటలు అర్థమయ్యేది నాకొక్కడికే. స్ట్రెచర్ మీద నుంచి నేతగాడు నా మొహమే చూస్తా ఉండినాడు.

ఆ మధ్యాన్నం వాళ్లిద్దరినీ ఇంకో కారులో ఎక్కించి మద్రాసుకు పంపేసినాను. ఉంటామని ఆయన మొండికేసినాడు. ఉంటే జైలని నేనే భయపెట్టినాను.

వారం తర్వాత ఆస్పత్రికి పోయినాను. నేతగాడి భార్య నన్ను చూసి లేచి బయటికి పోయింది. ఆయన కాలికి బరువు కట్టి పైకి వేలాడదీసి ఉండారు.

"స్టీరింగు కాడ ఉండింది ఆ తెల్లాయనే గదప్పా," అన్నాడు. "నా కండ్లతో సూసినా."

అవునన్నాను.

"ఆ పొద్దు నా చెయ్యి పట్టుకుని ఆయన ఏం జెప్పినాడు?"

"తప్పు నాదే, పక్క మరిచిపోయినాను అన్నాడన్నా."

ఆయన నా పక్కకు తల తిప్పినాడు.

"ఆ మాట అప్పుడే సెప్పింటే బాగుండు గదప్పా. నేనే సైకిలు సరిగ్గా తొక్కలేదేమో అని ఈ వారమంతా కుములుకుంటా ఉండా."

కొన్ని నెలలకు కేసు కోర్టుకొచ్చింది. ఆయన సాక్ష్యం చెప్పేదానికి చంకల కింద కట్టెలు పెట్టుకుని వచ్చినాడు. ఎవరు నడిపినారో చూడలేదన్నాడు. ఎందుకట్లా అన్నాడో నాకు చెప్పలేదు. నేనే నడిపినానని ఒప్పుకున్నాను. ఏడాది పాటు లైసెన్సు తీసేసినారు. ఆ ఏడాదంతా కారు ఇంటి ముందర ఎండకూ వానకూ నిలబడింది. చివరికి దాన్ని అమ్మేసి లారీ ఆఫీసులో గుమాస్తాగా చేరినాను. దేనికోసం అబద్ధం చెప్పినానో అదీ మిగల్లేదు.

నేతగాడి కాలు అతికింది గాని మోకాలు మడవదు. గుంతమగ్గంలో కాళ్లు దించి తొక్కితేనే నేత. ఆయనకు ఇంక ఆ పని లేదు. మగ్గం ఊడదీసి, గుంతను మట్టితో పూడ్చి, ఆ చోటులోనే కాలు చాపుకుని కూర్చుని పక్కిండ్లవాళ్లకు నూలు కండెలు చుట్టేవాడు. ఆడవాళ్లూ ముసలివాళ్లూ చేసే పని. అప్పటికి ఆయనకు నలభై కూడా లేవు.

రెండేండ్లకు తెల్లాయన దగ్గర నుంచి జాబు వచ్చింది. ఆ సైకిలాయన ఎట్లా ఉండాడు, నడుస్తా ఉండాడా, ఆ పొద్దు నేను చెప్పిన మాట ఆయనకు చెప్పినావా అని రాసినాడు. ఆ రోజు నుంచి కారు ముట్టుకోలేదంట, బడికి నడిచే పోతాడంట. బాగుండాడు, మగ్గం నేస్తా ఉండాడు అని జవాబు రాసినాను. ఇంకేం రాసేదో తెలియలేదు. రెండు నెలలకు ఇంకో జాబు. నీ జాబు చదివి ఇద్దరమూ ఏడ్చినాము, ఈసారి సెలవులకు వస్తే ఆయన నేసిన చీర ఒకటి కొనుక్కుంటానని నా భార్య అంటా ఉంది అని రాసినాడు.

ఆ జాబు ఎత్తుకుని పల్లెకు పోయినాను. మొత్తం చదివి చెప్పినాను. నేతగాడు కండె ఆపకుండానే విన్నాడు.

"నువ్వేం రాసినావు?"

చెప్పినాను.

"ఇంక రాయొద్దులే," అన్నాడు. "వాళ్లట్లనే అనుకోనీ."

రాయలేదు. వాళ్లు రాలేదు కూడా. పల్లెకు ఏడాదికి రెండుసార్లు పోయేవాణ్ణి, తర్వాత ఒకసారి, తర్వాత అదీ లేదు. ఒకసారి పుత్తూరు సంతలో ఆయన భార్య ఎదురుపడింది. నగరిలో కూతురింటికి మారిపోయినామని చెప్పింది. ఎట్లా ఉండాడని అడిగినాను. ఉండాడు అని, సంచి చంకన పెట్టుకుని బస్సు దిక్కు నడిచింది.