కొమురయ్య అన్న కాపలా

వాన వెలిసిన మర్నాడు తడిసిన షామియానా గుడ్డలను ఎండలో పరిస్తే ముక్కిన వాసన ఒకటి లేస్తుంది. మొన్న గోదాము ముందు పనివాళ్లతో గుడ్డలు పరిపిస్తుంటే ఆ వాసన వెంటే కొమురయ్య అన్న గొంతు కూడా వినిపించినట్టయింది. "తడిగుడ్డ మడతవెట్టిన్రంటే ఒక్కొక్కని సంగతి చెప్త!" ఆయన ఇప్పుడు లేడు. సిద్దిపేటలో ఆయన టెంట్ హౌస్ తెలియని పెళ్లిపెద్దలు ఉండేవారు కాదు. గుంజలు పాతే కూలీగా చేరిన నాకు ఆయనే పని నేర్పాడు, తిట్లూ నేర్పాడు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. టీ చల్లారేదాకా కూడా ఆగలేక నాలుక కాల్చుకునే రకం. అలాంటి మనిషికి దేవుడు ఏరి కోరి, ఆగి చూడాల్సిన రోగాన్ని ఇచ్చాడు.

రాత్రుళ్లు మూత్రానికి మాటిమాటికీ లేస్తున్నాడని ఆయన భార్య భాగ్యమ్మ వదిన పోరు పెట్టి దవాఖానకు పంపింది. రక్తంలో పీఎస్‌ఏ అనే అంకె ఎక్కువగా ఉందన్నారు. హైదరాబాద్‌లో సూదితో ముక్కలు తీసి పరీక్షించి, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ ఉందని తేల్చారు. తోడు వెళ్లింది నేనే. డాక్టరు నిదానంగా చెప్పాడు. "ఇది చిన్నది, నెమ్మదిగా పెరిగే రకం. ఇప్పుడే ఆపరేషన్ చేస్తే మూత్రం ఆపుకోలేకపోవడం లాంటి కష్టాలు రావచ్చు. అందుకే ప్రస్తుతానికి కనిపెట్టుకుని ఉందాం. కొన్ని నెలలకోసారి రక్తపరీక్ష, మధ్యమధ్య స్కానింగ్, మళ్లీ ముక్క పరీక్ష. ముదురుతున్నట్టు తేలితే అప్పుడు వైద్యం. మీరు మాత్రం రావడం మానకూడదు."

"అంటే దొంగ ఇంట్లనే ఉన్నడు, పట్టుకోకుండ కావలి కాయాలె. గంతేనా సారూ?" అన్నాడు అన్న. "కదిలితే పట్టుకుందాం" అని డాక్టరు నవ్వాడు. అన్న నవ్వలేదు. తిరుగు బస్సు ప్రజ్ఞాపూర్‌లో ఆగితే దిగి, టీ గ్లాసు చేతిలో పట్టుకుని, "కోస్తమంటే ధైర్యంగనే పండుకుందును శ్రీనూ. ఊకె కూసొమ్మంటే ఎట్లరా?" అన్నాడు.

సంగతి ఊళ్లో పాకింది. రోగిని చూసిపోయే మర్యాద మనకుంది కదా, బ్రెడ్డు ప్యాకెట్లూ పండ్లూ పట్టుకుని చుట్టాలు బయలుదేరారు. వచ్చి చూస్తే రోగి నిచ్చెన మీద నిలబడి కూలీలను తిట్టిపోస్తున్నాడు. కొందరి ముఖాలు చిన్నబోయేవి, అంత దూరం వచ్చింది దండగైందన్నట్టు. వదిన తమ్ముడు నర్సింలు మాత్రం ఊరుకోలేదు. "క్యాన్సరట, మందు లేదట! గీ సోద్యం యాడన్న ఉన్నదా? కోయించుకో బావా, పీడ పోతది" అని వచ్చిన ప్రతిసారీ పోరేవాడు. ఏ నిర్ణయం తప్పయినా నింద తన మీదే పడుతుందన్న దిగులుతో వదిన సగమైపోయింది.

మరుసటి ఏడు అన్నకు జ్వరం వచ్చింది, మూత్రంలో మంట. అదే సమయంలో చేసిన రక్తపరీక్షలో అంకె ఒక్కసారిగా ఎగబాకింది. ఇల్లంతా చావు ఇల్లయింది. నర్సింలు వేరే ఆసుపత్రిలో ఆపరేషన్‌కు మాట్లాడి వచ్చాడు. వదిన దేవుడికి ముడుపు కట్టింది. మా డాక్టరు మాత్రం, "ఇన్ఫెక్షన్ ఉంటే కూడా అంకె పెరుగుతుంది. మందులు వాడి, కొన్ని వారాలాగి మళ్లీ చూద్దాం. కంగారు పడి ఏదీ చేయించుకోకండి" అన్నాడు. ఆ వారాలు ఎలా గడిచాయో మాకే తెలుసు. ఒక రోజు అన్న గోదాములో తివాచీల మీద కూర్చుని ఏడుస్తూ కనిపించాడు. నన్ను చూసి కళ్లు తుడుచుకుని, "దుమ్ము దులపుండ్రి అంటే దులుపరు!" అని కసిరాడు. నేను చీపురు తీసుకుని దులపడం మొదలుపెట్టాను.

మళ్లీ చేస్తే అంకె దిగింది. ఆ సంబరం రెండు పూటలైనా నిలవలేదు, కోపంగా మారింది. "ఉత్తగనే ఆగమాగం చేసిన్రు" అని వదిన, "గీ పరీక్షలన్నీ గింతే" అని నర్సింలు. అసలు ప్రమాదం అక్కడే మొదలైందని మాలో ఎవరికీ తట్టలేదు.

ముక్క పరీక్ష మళ్లీ చేయించాల్సిన గడువు సరిగ్గా పెళ్లిళ్ల రోజుల్లో వచ్చింది. గజ్వేల్‌లో మేం అంతవరకూ ఎన్నడూ వేయనంత పెద్ద పందిరి ఒప్పుకుని ఉన్నాం. రక్తపరీక్షలో అంకె కదలలేదు, మనిషి రాయిలా ఉన్నాడు. "అంకె మంచిగనే ఉన్నదాయె. మల్ల సూదులెందుకు? పెండ్లిళ్లయినంక చూద్దాం" అని ఇంట్లో అందరి మాటా అదే. అన్న మాత్రం అనుకున్న రోజు తెల్లవారగానే సంచి పట్టుకుని బయటికి వచ్చాడు. వదిన ముఖం మాడ్చుకుని వెంట వచ్చింది. ట్రాలీ ఆటోలో ఇద్దరినీ బస్టాండుకు తీసుకెళ్లాను. నేను ఒక్కణ్నే అంత పెద్ద పందిరి ఎన్నడూ నిలబెట్టలేదు. 'పెండ్లి అయినంక పోరాదా అన్నా' అన్న మాట దారి పొడుగునా నా నాలుక మీదే ఉంది. అనేలోపే బస్సు వచ్చింది. "గాలి లేస్తది, మోకులు గట్టిగ గుంజి కట్టు" అని చెప్పి ఆయన ఎక్కేశాడు.

పందిరి నిలబడింది. ముక్క పరీక్ష ఫలితమే మమ్మల్ని కూలదోసింది. అంకె కదలకపోయినా లోపల రోగం కదిలింది, ముదురు రకానికి మారింది. గ్రంథి దాటి బయటికి మాత్రం పాకలేదు. "సమయానికి వచ్చారు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే ఈ మాట అనగలిగేవాణ్ని కాదేమో" అన్నాడు డాక్టరు. హైదరాబాద్‌లో కిరాయికి గది తీసుకుని అన్న వారాల తరబడి రేడియేషన్ పెట్టించుకున్నాడు. నర్సింలే తోడున్నాడు. రోగం లొంగింది. ఆ తర్వాత అన్న చాలా ఏళ్లు బతికాడు, చివరికి గుండెపోటుతో పోయాడు. ఊళ్లో ఇప్పటికీ క్యాన్సర్‌తోనే పోయాడంటారు. ఆ మాట అనే ప్రతివాడితోనూ నేను తగువు పెట్టుకుంటాను.

రేడియేషన్ అయి తిరిగొచ్చిన కొత్తలో, చిక్కిపోయి గోదాము అరుగు మీద కూర్చున్నప్పుడు ఒకసారి అడిగాను. "అందరు వద్దన్నా పోతివి. భయం గాలేదా అన్నా?"

"కాకేంది! గా సూదులు యాదికొస్తే ఆగుదామనే ఉండె నాకు గూడ. బస్సెక్కే ముంగట ఇంకొక్కలు ఆగుమంటే ఆగిపోదునురా."

ఆ ఇంకొక్కణ్ని నేనే కాబోయానని ఆయనకు తెలియదు. నేను ఆపుకున్న మాటా కాదు అది, బస్సు ముందొచ్చింది కాబట్టి నోట్లోనే మిగిలిపోయిన మాట. ఈ రోజుకీ ఎవరైనా పరీక్షకో ఆపరేషన్‌కో బయలుదేరుతుంటే, నా పని ఎంత ఆగిపోయినా సరే, "పైలంగ పోయి రా" అంటాను. అంతకు మించి నోరు తెరవాలంటే నాకు భయం.