మింగేసిన నాలుగో దెబ్బ

మా తోడల్లుడు సోఫాలు కుట్టేవాడు. అసూయపడటంలో అతన్ని మించినవాణ్ణి నేను చూడలేదు. పక్కింటాయన జ్వరం తన జ్వరం కన్నా ఒక డిగ్రీ ఎక్కువని తెలిసినా ముఖం ముడుచుకునేవాడు.

దళసరి గుడ్డ కుట్టే కాలి మిషను అతనిది. దాన్ని ఎంత వేగంగా తొక్కేవాడంటే, కిందపడిన దారపుండ దొర్లి ఆగేలోపు మొత్తం కుట్లలోకి వెళ్లిపోయేది. నమ్మకపోతే మానండి. ఆ కాలితోనే డ్రమ్ములూ వాయించేవాడు. షాపు మూశాక వెనకగదిలో, స్పాంజి కట్టల మధ్య, గిటారు వాయించే ఎలక్ట్రీషియనూ, పాడే బస్సు కండక్టరూ, అతనూ చేరి పంక్ రాక్ బ్యాండు పెట్టారు. పాటలన్నీ ఇంటి ఓనర్ల మీదా, మేనేజర్ల మీదా తిట్లే. స్పాంజి చప్పుడంతా పీల్చేస్తోందని ఇంకా గట్టిగా బాదేవారు. కాన్వెంటులో సిస్టరు దగ్గర పియానో నేర్చుకున్న నా చెవులకు అది ఇనపసామాన్ల కొట్టు మెట్ల మీంచి దొర్లినట్టుండేది. అయినా నా కాలు ఊరుకునేది కాదు. మావాడి కాలికి తెలిసింది ఒకటే నడక, మిషను నడక. అందుకే పాటలన్నీ పరుగే. ఆ పరుగుతోనే ఒక క్యాసెట్టు చేశారు.

తర్వాత ఎలక్ట్రీషియను చెవిన ఎక్కడివో దీవుల పాటలు పడ్డాయి. మధ్యమధ్య ఖాళీలుండి, తాపీగా ఊగే పాటలు.

"కాస్త ఆగి కొట్టు గురూ, గిటారుకు చోటివ్వు," అన్నాడు.

ఆగడం మావాడి వల్ల కాలేదు. అతని స్థానంలోకి ఒక పళ్ల డాక్టరు వచ్చాడు. నిదానంగా, శుభ్రంగా వాయించేవాడు. బ్యాండు పేరు ఊళ్లు దాటింది. మావాడు మాత్రం ప్రతి కచేరీకీ టికెట్టు కొనుక్కుని వెళ్లి, చివర్లో చేతులు కట్టుకుని నిలబడేవాడు.

"ఎలా వాయించాడురా?" అని అడిగితే, "జనానికి మత్తిచ్చి వాయిస్తున్నాడన్నయ్యా," అనేవాడు.

"అంత మంటైతే వెళ్లడం మానెయ్యరాదూ?" అనేది అతని భార్య, మా మరదలు.

"మానేస్తే, వాడు తప్పు కొట్టినప్పుడు ఎవరు చూస్తారే?"

కండక్టరు గొంతు పోయింది. ఎలక్ట్రీషియను ప్రకటనలకు ట్యూన్లు కట్టుకోవడానికి వెళ్లిపోయాడు. బ్యాండు చెదిరింది, అసూయ చెదరలేదు.

ఏళ్లు గడిచాక కుర్రాళ్ల బ్యాండొకటి బయల్దేరింది. వాళ్లకు ఆ తాపీ పాటలక్కర్లేదు, మొదటి క్యాసెట్టే కావాలి. ఆ దరువు నేర్పమని, పేరున్నవాడు కదా అని డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన మావాడికి ఫోన్ చేశాడు.

"అది నీ దరువు అన్నా. నాకు సరిగ్గా వస్తోందో లేదో వచ్చి చెప్పు."

మావాడు నన్నూ వెంటబెట్టుకెళ్లాడు. క్లినిక్కు పైగదిలో డాక్టరు వాయించాడు. అచ్చం క్యాసెట్టే. అదే పరుగు, అదే మోటుతనం. ఏనాడూ మిషను తొక్కని మనిషి మిషను నడక పట్టేశాడు. మావాడి చెవులు ఎర్రబడ్డాయి.

"సరిగ్గా ఉందా తాతయ్యా?" అని అడిగింది కుర్రాళ్లలో పాడే అమ్మాయి.

"ఏం సరి. అసలు కిటుకే లేదు. నాలుగో దెబ్బ మింగెయ్యాలి. ఒకటి, రెండు, మూడు, ఆ తర్వాత కాలు గాల్లో ఉండాలి."

"క్యాసెట్టులో నాలుగూ వినిపిస్తున్నాయే?"

"వాయించింది నేనా, క్యాసెట్టా?"

డాక్టరు మావాడి వైపు ఒకసారి చూశాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఎప్పుడు మింగావురా నాలుగోది?"

"ఇప్పుడే అన్నయ్యా. ఇక ఆ డాక్టర్ని కుంటుకుంటూ వాయించుకోనీ."

కుర్రాళ్లు నమ్మి మింగారు. పరుగెత్తే పాట నాలుగో అడుగులో గోతిలోకి జారి మళ్లీ లేచేది. వినేవాళ్లూ ఆ గోతిలో పడి లేచేవారు. ఊరంతా అదే పట్టుకుంది. బస్సు డ్రైవర్లు హారన్లు అలాగే కొట్టారు. మా వీధి కోడి మూడు కూసి నాలుగోది మింగడం నేను చెవులారా విన్నాను. ఆ దరువు పుట్టించినవాడని పోస్టర్ల మీద మావాడి బొమ్మ వేశారు. పెద్ద హాల్లో కచేరీ పెట్టి, మొదటి పాట అతనే వాయించాలన్నారు. జీవితమంతా కోరుకున్న పేరు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు.

ఇంట్లో కూర్చుని సాధన చేస్తే కాలు మింగదే. తొడ మీద చెయ్యేసి నొక్కినా మింగదు.

"దరువుగారూ, భోజనానికి రండి," అని మా మరదలు పిలిచినా లేవడు.

నిజం చెబితే పేరు పోతుంది, చెప్పకపోతే స్టేజీ మీద పరువు పోతుంది. పరువు దక్కించగలిగినవాడు ఒక్కడే. మళ్లీ క్లినిక్కుకు వెళ్లాం.

"ఏ పన్ను అన్నా?" అన్నాడు డాక్టరు.

"పన్ను కాదు, కాలు. నీకు ఆ రోజే తెలుసు కదూ?"

"ఆ క్యాసెట్టు అరిగేదాకా విన్నాను. తెలియకేం?"

"మరి వాళ్ల ముందు అనలేదేం?"

"ఆ మింగడం బాగుంది మరి. ఇది నాకెందుకు తట్టలేదా అని వారం రోజులు నిద్ర పట్టలేదు."

"వారమేనా?" అన్నాడు మావాడు, ముఖం వెలిగిపోతూ.

డాక్టరు అతన్ని డ్రమ్ముల ముందు కూర్చోబెట్టి, తను నేల మీద చతికిలబడ్డాడు. మూడో దెబ్బ పడగానే మావాడి చీలమండ గట్టిగా పట్టుకుని ఆపేవాడు, మళ్లీ వదిలేవాడు. చీకటి పడేవేళకు కాలు దానంతటదే ఆగింది.

మెట్లు దిగుతూ మావాడు నా భుజం పట్టుకున్నాడు.

"చూశావా అన్నయ్యా, ఒక్కసారన్నా క్షణం ముందో వెనకో పట్టాడా?" అన్నాడు పళ్లు కొరుకుతూ.